చెక్క వంతెన ఎందుకు కుళ్లుతుంది? ఎలా నిలుస్తుంది?

ద్వారబంధాల మాట వస్తే మన పెద్దవాళ్లు ఇప్పటికీ కాస్త గర్వంగా అనే మాట, "బర్మా టేకు". ఆ బర్మాలోనే, మాండలే పక్కన అమరపురలో, తౌంగ్‌తమాన్ చెరువు మీద ఊ బెయిన్ వంతెన ఉంది. పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు. పాత రాజధాని ఇన్వాలో రాజులు వదిలేసిన భవనాల కలప తెచ్చి 1850 ప్రాంతంలో కట్టారు. అంటే వంతెనకు ఎక్కేనాటికే అది వాడిన కలప. జనం నేటికీ దాని మీద నడుస్తున్నారు. మరి మన పంట కాలువ మీద వేసిన చెక్క వంతెన నాలుగు వానాకాలాలు దాటకుండానే ఎందుకు ఊగుతుంది? "అది టేకు కాబట్టి" అన్న జవాబు సగమే నిజం.

చెక్క కుళ్లేది ఎందుకు?

వయసు మీద పడి మాత్రం కాదు. చెక్కను తినేది శిలీంధ్రం. దానికి తిండి, గాలి, వెచ్చదనం, తడి నాలుగూ కావాలి. మొదటి మూడూ మన చేతిలో లేవు, మనం ఆపగలిగింది తడినే. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే శిలీంధ్రం పెరగలేదు. కాబట్టి వానకు తడిసి మర్నాటి ఎండకు ఆరిపోయే చెక్కకు పెద్ద భయం లేదు. తడిశాక ఆరే దారి లేని చెక్కకే ముప్పు.

మరి ఎప్పుడూ నీళ్లలోనే ఉండే గుంజ సంగతి?

పూర్తిగా మునిగిన భాగానికి గాలి సరిగా అందదు, అందుకని చాలాకాలం ఉంటుంది. బాగా పైన ఉన్న భాగం ఆరుతూ ఉంటుంది, అదీ ఉంటుంది. పోయేది ఆ రెండింటి నడుమ, నీరు పెరుగుతూ తగ్గుతూ ఉండే జానెడు మేర. ఊ బెయిన్ గుంజలు వెయ్యికి పైనే. వాటిలో కొన్ని మొదలు దగ్గర తెగిపోయి, అడ్డబద్దల పట్టు మీదే వేలాడుతున్నాయి. కొన్నిచోట్ల కాంక్రీటు స్తంభాలు పెట్టక తప్పలేదు. ఎంత బర్మా టేకైనా అంతే.

ఏ కలప వాడాలి?

చెట్టు పేరు కంటే చేవ ముఖ్యం. టేకులోనైనా చేవే తట్టుకుంటుంది, చుట్టూ ఉండే తెల్లచెక్క తొందరగా పోతుంది. తాటి దూలంలో లెక్క తిరగబడుతుంది, గట్టిదనమంతా బయటి నల్లటి పొరలో ఉంటుంది, నడుమ మెత్తటి పీచు. కోనసీమలో బోదె మీద వేసే దూలానికి ముదురు తాడే కావాలనేది ఇందుకే. దూలాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా అమర్చడంలోనూ లెక్క ఉంది. వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెండింతలే, ఎత్తు రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు, వంగకుండా ఉండే గుణం ఎనిమిదింతలు. మనిషి బరువు చూసి కాలి వంతెన కట్టకూడదు. తీర్థం రోజున జనం కిక్కిరిసి నిలబడతారని లెక్కేసి చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోలు మోసేలా కడతారు.

నీరు నిలవకుండా కట్టడం ఎలా?

అసలు పనితనమంతా ఇక్కడే. చెక్క పక్కల నుంచి పీల్చే నీరు కొంచెమే, కోసిన కొన నుంచి పీల్చేది దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ప్రతి కొననూ కప్పాలి, లేదా ఏటవాలుగా కోయాలి. నడిచే బల్లల మధ్య పెన్సిల్ పట్టేంత సందు వదలాలి. బల్లను దూలానికి బిగించిన చోటు మరీ ప్రమాదం. మేకు దిగిన కంత గుండా నీరు నేరుగా దూలం గుండెలోకి పోతుంది, పైన బల్ల కప్పి ఉంటుంది కనుక ఎండ తగలదు. పైనుంచి చూస్తే వంతెన నిక్షేపంగా కనిపిస్తుంది, కింద దూలం పిండి అయి ఉంటుంది. దూలం నెత్తిన, రెండు పక్కలా కాస్త బయటికి వచ్చేలా రేకు పట్టీ పరిచి ఆపైన బల్లలు వేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. గుంజను కాంక్రీటులో పాతడం మనవాళ్లు గట్టిపని అనుకుంటారు. చెక్క ఎండి కుంచించుకున్నాక చుట్టూ సందు ఏర్పడుతుంది, ఆ గుంట గ్లాసులా నీళ్లు పట్టి ఉంచుతుంది. కాంక్రీటు దిమ్మ మీద ఇనుప పాదం బిగించి, గుంజను నేలకు అందనివ్వకుండా నిలబెట్టడమే సరైన పద్ధతి. ఇక మందంగా పెయింటు కొట్టడం మీద నాకు నమ్మకం లేదు. పగుళ్లలోంచి నీరు లోపలికి పోతుంది, పెయింటు దాన్ని బయటికి రానివ్వదు.

స్విట్జర్లాండులో వంతెనకు ఇంటిలాగా కప్పే వేశారు. లూసెర్న్‌లోని చాపెల్ వంతెన 14వ శతాబ్దం నాటిది. ఆ కప్పు బాటసారుల కోసమే అనుకుంటాం, కాపాడేది దూలాలను. 1993 ఆగస్టులో చాలా భాగం కాలిపోతే మరుసటి ఏడాదే తిరిగి కట్టి తెరిచారు.

అన్నీ చేసినా చెక్క పోదా?

పోతుంది. పోయిన ముక్కను ఒక్కదాన్నే విప్పి మార్చేలా కట్టారా అన్నదే ప్రశ్న. జపానులో ఇవాకుని ఊళ్లో నిషికి నది మీద కింతై వంతెన అలాంటిది. 1673లో కట్టారు, మరుసటి ఏడే వరదకు పోయింది, వెంటనే మళ్లీ లేపారు. 1950లో తుపాను తీసుకుపోయేదాకా అది నిలిచింది. దాని అయిదు వంపుల్ని వంతులవారీగా విప్పి, కొత్త కలపతో తిరిగి కూర్చడం అక్కడి పద్ధతి. అలా పని నేర్చిన వడ్రంగులు తరతరానా ఉన్నారు. 1953లో వంతెన మళ్లీ లేచింది, 2001 నుంచి 2004 వరకు వంపులన్నీ మార్చారు.

మన పని ఇంత పెద్దది కాదు. సందుల్లో ఇరుక్కున్న ఆకులూ మట్టీ ఊడ్చేయాలి, పచ్చి చెక్క ఎండి వదులైన బోల్టులు ఏడాదికోసారి బిగించాలి. ఈ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మీ ఊరి వంతెన కిందికి ఒకసారి దిగండి. నీటి గీత ఉన్న చోట, గుంజ మొదట్లో, బల్ల కింద దూలం నెత్తిన స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మొన అంగుళం లోపలికి దిగిపోయిందా, తొలకరి రాకముందే ఆ ముక్క మార్పించండి. అప్పటిదాకా పిల్లల్ని ఆ దారిన బడికి పంపకండి.