ఇంజను పునర్నిర్మాణం

కొత్త యంత్రాన్ని నిర్మించడం కంటే పాత యంత్రాన్ని తిరిగి నిలబెట్టడం కష్టం. కొత్తదానికి భాగాలను కావలసిన కొలతలతో తయారుచేసుకోవచ్చు. పాతదానిలో మాత్రం మిగిలి ఉన్న లోహంతోనే పని సాగించవలసి ఉంటుంది. దాని నుండి ఒకసారి తొలగించిన లోహం తిరిగి రాదు. అమెరికాలో పాత ‘మజిల్ కార్ల’ ఇంజనులను పునర్నిర్మించే విధానం ఈ సత్యాన్ని చక్కగా బోధిస్తుంది.

‘మజిల్’ అంటే కండ. మధ్యరకపు కారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజనును అమర్చి, యువతకు అందే ధరలో అమితమైన వేగాన్ని ఇచ్చిన వాహనాలకు ఈ పేరు స్థిరపడింది. 1964 మోడలు పాంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి మొదలైందని పలువురి అభిప్రాయం. 1967 మోడలుగా వచ్చిన షెవ్రొలే కమారోను కూడా ఈ కోవలో చేర్చి చెబుతారు. బీమా రుసుములు పెరగడం, 1970 నాటి వాయుకాలుష్య నియంత్రణ చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం వీటి ప్రాభవాన్ని తగ్గించాయి. అయినా అభిమానులు నాటి కార్లను నేటికీ భద్రంగా కాపాడుకుంటున్నారు.

కమారోలో అమర్చిన 350 ఘన అంగుళాల ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. ఇది సుమారు 5.7 లీటర్లకు సమానం. ఇందులో సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా ఉంటాయి. వాటిలో పిస్టన్లు పైకీ కిందికీ కదులుతాయి. ఆ కదలికను క్రాంక్‌షాఫ్టు భ్రమణంగా మారుస్తుంది.

పునర్నిర్మాణంలో తొలి మెట్టు విప్పడం. విప్పిన ప్రతి భాగానికీ దాని స్థానాన్ని తెలిపే గుర్తు పెట్టాలి. ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ఒరసుకొని పనిచేసిన భాగాలను తారుమారు చేస్తే ఇంజను చెడిపోతుంది. రెండవ మెట్టు కొలవడం. సిలిండరు గోడ అంతటా సమానంగా అరగదు. పిస్టను రింగులు చేరే పైభాగాన అరుగుదల ఎక్కువ. అందువల్ల పైన, నడుమ, కింద వేర్వేరుగా కొలవాలి. బ్లాకులో కంటికి కనిపించని పగుళ్లు ఉన్నాయేమో అయస్కాంత పరీక్షతో చూడాలి.

కొలిచిన తరువాతనే కోత. అరిగిన సిలిండరును కొద్దిగా పెద్దదిగా తొలిచి, దానికి తగిన పెద్ద పిస్టనును అమరుస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజనులకు ‘బోరింగు’ అని చేసే పని కూడా ఇదే. 350 ఇంజనులో సిలిండరు వ్యాసం 4 అంగుళాలు. సాధారణంగా దానిని 4.03 అంగుళాలకు పెంచుతారు. పెరిగినది ముప్పావు మిల్లీమీటరు మాత్రమే. కాని ప్రతి బోరింగుతోనూ గోడ పలుచబడుతుంది. హద్దు మీరితే బ్లాకు పనికిరాకుండా పోతుంది.

శక్తిని పెంచదలచినవారు ఇక్కడ మరో అడుగు వేస్తారు. బోరింగు మాత్రమే చేస్తే ఇంజను పరిమాణం 355 ఘన అంగుళాలు అవుతుంది. పిస్టను కదిలే దూరాన్ని కూడా 3.48 అంగుళాల నుండి 3.75కు పెంచే క్రాంక్‌షాఫ్టును అమరిస్తే 383 అవుతుంది. అయితే ఒక మార్పు మరికొన్ని మార్పులను కోరుతుంది. పెద్ద వలయంలో తిరిగే కనెక్టింగ్ రాడ్లు తగలకుండా బ్లాకు అడుగుభాగాన్ని కొంచెం అరగదీయాలి. సంపీడనం మితిమీరి ఇంధనం అకాలంలో మండకుండా తగిన పిస్టన్లను ఎంచుకోవాలి. కార్బురేటరు, రేడియేటరు ఆ శక్తికి తగినవై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు దృఢంగా ఉండాలి. ఆగడానికి ఏర్పాటు లేని వేగం ప్రాణాంతకం.

కొన్ని మార్పులు శక్తి కోసం కాక, మారిన కాలం కోసం చేయవలసి ఉంటుంది. ఆ రోజులలో పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపేవారు. అది వాల్వులు ఆనుకొనే పీఠాలను అరగకుండా కాపాడేది. కాని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుచేత రహదారి వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని అమెరికాలో 1996లో, మనదేశంలో 2000లో పూర్తిగా నిలిపివేశారు. ఇప్పుడు పాత ఇంజనులలో పొగ వెళ్లే వాల్వులకు గట్టి లోహపు పీఠాలను అమరుస్తున్నారు.

చివరగా ఒక ముఖ్య విషయం. ఈ ఇంజను బ్లాకు పై అంచున, ముందువైపు, కర్మాగారంలో ముద్రించిన అంకెలు ఉంటాయి. ఆ కారుతో పుట్టిన ఇంజను అదేనని చెప్పడానికి అవే ముఖ్య సాక్ష్యం. బ్లాకు ఉపరితలాన్ని చదును చేసేటప్పుడు ఏమరుపాటున ఉంటే ఆ అంకెలు చెరిగిపోతాయి. ఇంజను బాగా పనిచేయవచ్చు. దాని చరిత్రకు సాక్ష్యం మాత్రం మిగలదు. అందుకే తెలిసిన పనివారు యంత్రాన్ని ఆన్ చేయకముందే ఆ అంకెలను చూసి, యజమానిని అడిగి, ఆ తరువాతనే పని మొదలుపెడతారు.

ఏది మార్చాలో తెలియడం నైపుణ్యం. ఏది మార్చకూడదో తెలియడం వివేకం. పాతదానిని బాగుచేయబూనిన వారికి ఈ రెండూ అవసరమే.