క్యాంపింగ్ వ్యాన్‌కు రెండు బ్యాటరీలు ఎందుకు?

సీట్లు తీసి, పరుపు వేసి, చిన్న ఫ్రిజ్ పెడితే వ్యాన్ కాస్తా ఇల్లవుతుంది. 1950ల్లోనే జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లను ఇలా మార్చింది. మరి రాత్రంతా కరెంటు ఎక్కడిది?

ఇంజిన్ బ్యాటరీ పని వేరు. స్టార్ట్ చేసేటప్పుడు కొద్ది సెకన్లే, కానీ వందల ఆంపియర్లు ఇవ్వాలి. అందుకే దానిలో పలుచని సీసపు పలకలు ఎక్కువ. రోజూ అడుగంటా వాడేస్తే త్వరగా పాడవుతుంది. పైగా తెల్లారేసరికి అడవి మధ్యలో బండి స్టార్టవదు!

అందుకే మందపాటి పలకలది గానీ, లిథియంది గానీ రెండో బ్యాటరీ పెడతారు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1200 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. 30 వాట్ల ఫ్యాను లెక్కప్రకారం 40 గంటలు తిరగాలి. సీసం రకమైతే సగమే వాడటం మంచిది. (వెయ్యి వాట్ల ఏసీ సంగతి మీరే లెక్కేయండి.)

బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ రెండింటినీ ఛార్జ్ చేస్తుంది. ఇంజిన్ ఆపాక, మధ్యలో ఉన్న రిలే వాటిని విడదీస్తుంది.