ఎనిమిదో నెలలో ఢిల్లీ ప్రయాణం

"ఎనిమిదో నెలలో గడప దాటకూడదమ్మా" అంది మా అత్తయ్య. నాకప్పుడు 31వ వారం. వరి అగ్గితెగులు మీద మూడేళ్లుగా చేసిన పని ఢిల్లీ సమావేశంలో వివరించాలి. మడిమడికీ తిరిగి తెగులు ఆకులు ఏరింది నేనే, ఎవరేమడిగినా చెప్పగలిగిందీ నేనే. అత్తయ్యతో వాదించలేదు, ఆమెను కూడా డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

బీపీ ఎక్కువున్నా, రక్తస్రావం కనిపించినా, మాయ కిందికి ఉన్నా, ముందే నొప్పులొచ్చే సూచనలున్నా ప్రయాణం మానుకోవాల్సిందేనన్నారు డాక్టరమ్మ. నాకు అవేవీ లేవు. అలాంటప్పుడు కడుపులో ఒక్క బిడ్డే అయితే 36 వారాల దాకా, కవలలైతే 32 దాకా సాధారణంగా విమానం ఎక్కొచ్చు. 28 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు డాక్టరు పత్రం అడుగుతాయి. ఒక్కో సంస్థది ఒక్కో నియమం కాబట్టి టికెట్ కొనేముందే కనుక్కోవాలి.

"అంత ఎత్తున బిడ్డకు గాలి చాలుతుందా?" అత్తయ్య అడిగింది. విమానంలో కూర్చుంటే ఇంచుమించు ఊటీ కొండ మీద ఉన్నట్టేనట. పైగా కడుపులో బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను తల్లి రక్తం కంటే గట్టిగా పట్టుకుంటుంది. అసలు జాగ్రత్త కాళ్లకు కావాలి. కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా గర్భిణి రక్తానికి త్వరగా గడ్డకట్టే గుణం వస్తుంది. పెరిగిన గర్భసంచి సిరలను నొక్కుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో గడ్డలు కట్టొచ్చు. అందుకే నడవా పక్క సీటు తీసుకున్నాను, రెండుసార్లు లేచి నడిచాను, నీళ్లు తాగుతూనే ఉన్నాను. బెల్టు పొట్ట మీద కాకుండా, పొట్ట కింద తొడల మీదుగా పెట్టుకున్నాను.

ప్రయాణం సాఫీగానే సాగింది. కష్టమంతా సమావేశంలోనే. మైకు దగ్గర కుర్చీ లేదు. ఐదో స్లైడుకే పాదాలు పొంగి, చెప్పు పట్టీ చర్మంలోకి దిగింది. కుర్చీ అడిగితే, ఇలాంటప్పుడు ఎందుకొచ్చిందంటారేమోనని నోరు పెగల్లేదు. వెనక వరసలోంచి ఓ పెద్దాయన తన కుర్చీ మోసుకొచ్చి వేశారు. "కూర్చుని చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నారు. కూర్చోగానే లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. మిగతా స్లైడ్లన్నీ నిదానంగా చెప్పాను, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చాను.

వెళ్లాలో వద్దో తేల్చాల్సింది ఆ తల్లీ, ఆమె డాక్టరూ. వచ్చిన మనిషికి కుర్చీ వేయాల్సింది మాత్రం పిలిచినవాళ్లు. మా పాపకిప్పుడు రెండేళ్లు. ఈసారి సమావేశం ఏర్పాట్లు నావే. మైకు దగ్గర కుర్చీ వేయించాను, ఎవరూ అడగకముందే.