పాత విద్యుత్ కారు: తరుగు తేలాకే ధర

జగిత్యాల: ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ తప్పదు. పాత విద్యుత్ కారు బేరంలో బ్యాటరీ తరుగు అటువంటిదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వర్తకులు బయానా ఇచ్చేముందే దీనిని తేల్చుకోవాలి.

ఇంకా ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందని తెరపై కనిపించే అంకె తూకం కాదు. ఇటీవల నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. ఇంటి మీటరూ చాలదు; ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది.

ఉదాహరణకు, 2020లో విడుదలైన టాటా నెక్సాన్ బ్యాటరీ 30.2 యూనిట్లు. పూర్తిగా ఛార్జి చేసి, 20 శాతం మిగిలేవరకు నడపాలి. ఖర్చయిన 80 శాతానికి కారు లెక్కలో 21.6 యూనిట్లు తేలితే, నూటికి 27 యూనిట్లు. అంటే తరుగు సుమారు 11 శాతం. కొత్త బండిలోనూ బ్యాటరీ యావత్తూ వాడకానికి రాదు గనుక అసలు తరుగు ఇంతకు కొంత తక్కువే ఉండవచ్చు.

ఓబీడీ పరికరంతో సెల్‌ల వోల్టేజి తేడా కూడా చూడాలి. ఒక్క బలహీన సెల్ మొత్తం ప్యాక్‌ను దించేస్తుంది. ఈ బ్యాటరీకి కంపెనీ హామీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ. అందులో మిగిలిందెంత, కొత్త యజమానికి వర్తిస్తుందా అన్నది కాగితంపై చూసుకున్నాకే ధర పలకడం శ్రేయస్కరం.