పత్రములకు లామినేషను : యంత్రమును ఎన్నుకొను విధము



మన రాజాము ప్రాంతమున పాత కుటుంబపు పెట్టె తెఱచి చూచినచో మూడు జిల్లాల పేర్లు కనబడును. తాతగారి క్రయపత్రముమీద విశాఖపట్టణము, 1950లో క్రొత్త జిల్లా యేర్పడిన పిమ్మట తండ్రిగారి కాగితములమీద శ్రీకాకుళము, 2022 మొదలు కుమారుని కాగితములమీద విజయనగరము. భూమి కదలలేదు, జిల్లా పేరే మాఱినది. ఈ వరుసలో ఒక్క కాగితము పోయినను హక్కు నిరూపించుట కష్టము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ఉత్తరకోస్తాను ముంచెత్తినప్పుడు తడిసిన కప్పులక్రింద కాగితముల గతి యెట్టిదో మీ రెఱుగుదురు. అందుచేతనే సంఘమునకు లామినేషను యంత్రము కొనవలెనని పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. కాని యంత్రమును కొనుటకు ముందు దానికి ఏ కాగితము నీయవలెనో, ఏది యీయరాదో తెలిసికొనవలెను.

ఇందు నా తప్పిదమొకటి చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట ఒక రైతు మొక్కజొన్న విత్తనములు కొని, రసీదు వానకు తడియకుండు నుపాయ మడిగెను. లామినేషను చేయింపుమని నేనే చెప్పితిని. యంత్రమునుండి వెలువడిన రసీదు బొగ్గువలె నల్లబడెను, ఒక్క అక్షరమైనను మిగులలేదు. ఆ విత్తనము సగమైనను మొలవలేదు. రసీదు లేని ఫిర్యాదునకు బలము లేకపోయెను. "మీరు మంచికే చెప్పినారు బాబూ" అని యతడు వెడలిపోయెను. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

కారణ మిది. అనేక దుకాణములలోను, బస్సులలోను యంత్రము ముద్రించి యిచ్చు రసీదులందు సిరా ఉండదు. ఆ కాగితముపై పూసిన మందు వేడికి నల్లబడుటచేతనే అక్షరము లేర్పడును. గోటితో గట్టిగా గీసిన నల్లని చాఱ పడినచో అట్టి కాగితమని గుర్తింపుడు. అది ఊరక యుంచినను కొంతకాలమునకు వెలసిపోవును గనుక, కొన్ననాడే జిరాక్సు తీయించి రెండింటిని కలిపి దాచుడు.

రిజిస్టరయిన అసలు దస్తావేజులను కూడ లామినేషను చేయింపరాదు. ఒకసారి అతికిన పొర మరల క్షేమముగ ఊడిరాదు. స్టాంపు కాగితమును, వ్రేలిముద్రను, సంతకమును పరీక్షించుటకు అడ్డుపడును. పట్టాదారు పాసుపుస్తకములో ముందు ముందు వ్రాతలు చేరవలసి యుండును గనుక దానికిని ఇది తగదు. అమెరికాలో బారో అను నతడు 1930ల నాడే ప్రాతపత్రములను వేడితో పొరల నడుమ అతికించు పద్ధతిని ప్రచారము చేసెను. కాగితములోని ఆమ్లము లోపల తన పని తాను చేయుచునే యుండునని తరువాత తేలినది. నేడు పత్రభాండారములవారు అసలు పత్రముల కీపద్ధతిని మెచ్చరు. అసలును మడవక, దళసరి కవరులో, నేలకు గోడకు తగులని పొడిచోట పెట్టెలో నుంచుడు. అదనముగా రిజిస్ట్రారు కార్యాలయమునుండి ధ్రువీకరించిన నకలు తీసికొనవచ్చును. ఇందులకు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములోనే వీలు కలదు.

మఱి లామినేషను వేటికి? పత్రముల జిరాక్సు ప్రతులకు, మట్టిపరీక్ష ఫలితముల నకలుకు, పంపుషెడ్డులో వ్రేలాడదీయు ఎరువుల మోతాదు పట్టికకు, సంఘపు ప్రకటనలకు. ఆధారుకు సాదా కాగితపు ప్రతియే చెల్లునని ఆ సంస్థ 2018లో ప్రకటించినది.

ఇక యంత్రము. వేడి రోలర్లు పొరలోని జిగురును కరగించి కాగితమున కంటించును. వేడి లేక ఒత్తిడిచేతనే అంటించు రకమును కలదు. కొనునపుడు ఈ అంశములు చూడుడు.

వెడల్పు : ఏ4 కాగితము 210 మిల్లీమీటర్లు, ఏ3 297 మిల్లీమీటర్లు. ఏ3 పట్టు యంత్రములో రెండును పట్టును గనుక సంఘమున కదియే మేలు.

మందము : షీట్ల మందమును మైక్రాన్లలో చెప్పుదురు. వేయి మైక్రాను లొక మిల్లీమీటరు. సాధారణపు పనికి 125 చాలును. యంత్ర మెంత మందము వరకు భరించునో అడుగుడు.

రోలర్లు : రెంటికంటె నాలుగున్నచో పొర నునుపుగా అతుకును.

వేడి : హెచ్చించి తగ్గించు వీలుండవలెను. షీటు చిక్కుకొన్నపుడు వెనుకకు రప్పించు మీట తప్పక యుండవలెను.

మరమ్మతు : విడిభాగములు దగ్గఱ పట్టణమున దొరకని యంత్రము చవుకయైనను వలదు.

వాడునపుడు చెమ్మగల కాగితమును ముందు ఆరబెట్టుడు, లేనిచో ఆవిరి బుడగలు లేచును. గుండుసూదులు, పిన్నులు తీసివేయుడు. షీటు మూసియున్న అంచును ముందుగా పెట్టుడు. అతికిన పిదప అంచులు కాగితమునకు ఆనునంతగా కత్తిరింపవలదు, నీరు దూరును. మొదట చిత్తుకాగితముతో పరీక్షించుడు.

ఒక్కొక్కరు యంత్రము కొనుట వ్యర్థవ్యయము. సంఘమున ఒకటి యుండి, దానిచెంత తెలిసిన మనిషి యొకరుండిన చాలును. ఆ మనిషి ప్రతి కాగితమును చేతబట్టి "ఇది అసలా, నకలా?" యని ముందడుగవలెను. ఆ ప్రశ్న నేనొకనాడు అడుగనందున ఒక రైతు నష్టపోయెను. మన సభ్యులలో మఱియొకరికి అట్టి నష్టము కలుగకుండుగాక.