గుర్రం మీ దగ్గరే ఉంటుంది, కానీ మీ సొంతం కాదు

బ్రిటన్‌లో స్వారీ గుర్రం కావాలంటే కొనడమొక్కటే దారి కాదు. 1927లో మొదలైన వరల్డ్ హార్స్ వెల్ఫేర్ లాంటి స్వచ్ఛంద సంస్థలు ఆలనాపాలనా లేని గుర్రాలను కాపాడి, వైద్యం చేయించి, స్వారీకి పనికొచ్చేవాటికి శిక్షణ ఇచ్చి దత్తత ఇస్తాయి.

అయితే ఇది అమ్మకం కాదు, అమానత్. కాగితాల మీద యజమాని సంస్థే. తీసుకున్నవాళ్లు గుర్రాన్ని అమ్మకూడదు, పిల్లల కోసం దాటించకూడదు. సంస్థ మనుషులు ముందుగా వచ్చి మేత మైదానం, కంచె, నీడ చూస్తారు. ఇచ్చాక కూడా తనిఖీకి వస్తుంటారు. పోషించలేని పరిస్థితి వస్తే గుర్రాన్ని వెనక్కి తీసుకుంటారు.

మరి ఖర్చు? దత్తత రుసుముతో అయిపోదు, అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 10 కిలోల ఎండుమేత కావాలి. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, అవసరమైతే నాడాలు మార్పించాలి. టీకాలు, పళ్ల వైద్యం, బీమా వేరే. పైగా గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. ముసలిదయ్యాక స్వారీ ఆగిపోతుంది, మేత ఆగదు.

అందుకే దరఖాస్తు పెట్టేముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క మాట తేల్చుకోవాలి: ఎక్కలేని రోజున కూడా దీన్ని సాకగలమా? సాకగలం అనుకుంటేనే ముందుకెళ్లాలి.