ఆ ఫైలు మీదే!

డ్రమ్ములోంచి సాల్వెంట్ వంపుతుంటే మొహం మీద చింది కళ్లు భగ్గుమంటాయి. నాలుగు నీళ్లు కొట్టి ఆ పూటకి ఇంటికి పంపేస్తారు. మర్నాడు మళ్లీ షిఫ్టు. జీడిమెట్లయినా పరవాడైనా రసాయనాలతో పనంటే ఇవి మామూలేనని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ.

అసలు చిక్కు ఇక్కడే. ఆ రోజు ఎవరూ ఏమీ రాసిపెట్టరు. కొన్ని విషాలేమో వెంటనే బయటపడవు. బెంజీన్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక మూలుగ దెబ్బతిని రక్త క్యాన్సర్ రావచ్చు. ఆస్‌బెస్టాస్ ధూళి 20, 30 ఏళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల మీద పడుతుంది. అప్పటికి ఉద్యోగం ఉండదు, ఫ్యాక్టరీయే ఉండకపోవచ్చు. జబ్బు పనివల్లే వచ్చిందని చూపించేదెలా?

ఆ లెక్క రాసి ఉంచాల్సింది యజమానే. 1984 డిసెంబరులో భోపాల్ ఆసుపత్రులకు జనం పోటెత్తితే, వాళ్లు పీల్చిన విషవాయువేమిటో తెలియక డాక్టర్లు తికమకపడ్డారు. ఆ చేదు అనుభవంతో 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. రసాయనంతో ముప్పేమిటో కార్మికులకు ముందే చెప్పాలి. పనిలో పెట్టేముందు, తర్వాత ఏడాదికోసారైనా వైద్యపరీక్షలు చేయించాలి. ఆ రికార్డులు కార్మికుడికి అందుబాటులో ఉంచాలి. పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఈ బాధ్యతలున్నాయి.

ఎన్నాళ్లు దాచాలి? ఆస్‌బెస్టాస్ కేసులో 1995లో సుప్రీంకోర్టు తేల్చింది... ఆ పరిశ్రమలు ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని కూడా చెప్పింది.

రసాయనం మీద పడితే మాత్రం ముందు ప్రాణం, తర్వాతే కాగితం. తడిసిన బట్టలు విప్పేసి ధారగా నీళ్లు పోయాలి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ రసాయనం సేఫ్టీ డేటా షీట్ వెంట ఉండాలి. ‘ఏదో కెమికల్ పడింది’ అంటే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు! తిరిగొచ్చాక తేదీ, షిఫ్టు, రసాయనం పేరుతో ప్రమాదాల రిజిస్టర్లో రాయించాలి.

ఈఎస్ఐ ఉంటే గాయంతో పనికెళ్లలేని రోజులకు వేతనంలో 90 శాతం అక్కడినుంచి వస్తుంది. ఈఎస్ఐ వర్తించకపోతే పరిహారం యజమాని మీదే. కాంట్రాక్టు కార్మికులకు ఇంకో తిప్పలు... అక్కడ పనిచేసినట్టు ముందు రుజువు కావాలి. గేట్‌పాస్, జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు... పని మానేసినా సరే, ఇంట్లో ఎవరూ వాటిని పాత కాగితాల్లో కలిపి అమ్మేయకుండా చూసుకోవాలి.